పదేళ్లు టేపులోనే ఉన్న రేడియో

రేడియో అంటే మనోళ్లకు మొదట గుర్తొచ్చేది ఆకాశవాణి. పొద్దున వార్తలు, మధ్యాహ్నం సినిమా పాటలు, రాత్రి నాటకం. మాట్లాడేవాళ్లు ఎక్కడో పట్నంలో, వినేవాళ్లం మనం పల్లెలో. జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో మాత్రం మాట్లాడేది, వినేది, మిషన్లు నడిపేది అంతా పల్లె ఆడవాళ్లే. అదే సంఘం రేడియో. మాది ఆ చుట్టుపక్కల ఊరే. ఆ రేడియో గాలిలోకి ఎక్కకముందు ఎట్ల నడిచిందో చిన్నప్పుడు కళ్లారా చూసిన కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983లో జహీరాబాద్ ప్రాంతంలో పని మొదలుపెట్టింది. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. సంస్థ ఊరూరా మహిళా సంఘాలు పెట్టించింది. సభ్యుల్లో ఎక్కువమంది కొద్దిపాటి మెట్ట భూమి చేసుకునే దళిత మహిళలు. సంస్థను నడిపించిన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేశారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు. 1998లో యునెస్కో సాయంతో మాచునూర్‌లో రేడియో స్టూడియో వచ్చింది. ఇంటర్వ్యూ తీసుకోవడం, రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ పల్లె ఆడపిల్లలే నేర్చుకున్నారు. వాళ్లలో ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరిని అల్గోల్ నర్సమ్మ అంటారు, ఇంకొకరిని జనరల్ నర్సమ్మ అంటారు. రేడియోకు ఆ ఇద్దరే ముఖమయ్యారు.

స్టూడియో ఉంది, మనుషులున్నారు, చెప్పడానికి సంగతులున్నాయి. లేనిదల్లా లైసెన్సు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. అయినా పల్లెజనం రేడియో పెట్టుకోవడానికి చట్టంలో దారి లేదు. 2002 చివర్లో కాలేజీలు, యూనివర్సిటీల లాంటి విద్యాసంస్థలకు అనుమతి ఇచ్చారు. 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరవలేదు.

మరి అన్నేళ్లు వీళ్లు ఏం చేశారు? చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు తయారుచేస్తూనే పోయారు. వాటిని క్యాసెట్లలోకి ఎక్కించి, ఊళ్లలో జరిగే సంఘం మీటింగుల్లో వినిపించారు.

మా అమ్మ సంఘంలో సభ్యురాలు. పగలంతా చేను పని కాబట్టి మీటింగు రాత్రి తిన్నాక మొదలయ్యేది. నాకప్పుడు ఎనిమిది తొమ్మిదేళ్లు. టేప్ రికార్డర్ మోసుకుపోవడం, బటన్లు నొక్కడం నా డ్యూటీ. కరెంటు పోతే సెల్లులు వెయ్యాలి. సెల్లులు డౌనయితే గొంతు సాగిపోయి దయ్యం మాట్లాడినట్టు వచ్చేది, అందరూ పకపకా నవ్వేవాళ్లు. టేపు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి తిప్పేవాణ్ణి. జీతం లేని ఉద్యోగమే గానీ, ఆ రాత్రి ఊళ్లో నాకంటే పెద్ద ఆఫీసర్ లేడన్నట్టు ఉండేది.

వాళ్లు వినేది ఏందంటే, కొర్రలు, సామలు, పచ్చజొన్నల విత్తనం పురుగు పట్టకుండా బూడిద, వేపాకు కలిపి ఎట్ల దాచాలి, మేకకు కడుపుబ్బితే ఏం తాపాలి, ఏ పంట పక్కన ఏ పంట కలిపి వెయ్యాలి. మధ్యలో బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు. క్యాసెట్ అయిపోయినంక అసలు ముచ్చట మొదలయ్యేది. ‘‘గా ఊర్ల గట్ల జేస్తరంట, మన నేలకు గది నడువది’’ అని ఒకామె అంటే, ‘‘ఎందుకు నడువది, మా అత్త జేసింది’’ అని ఇంకో ఆమె. క్యాసెట్ అరగంటయితే ముచ్చట గంటన్నర.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో సినిమాల్లో మా యాస విలన్ పక్కనుండే రౌడీకో, నవ్వించే పాత్రకో ఉండేది. కన్నడం, ఉర్దూ కలిసిన మా జహీరాబాద్ మాట టేపులో మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ నా దిక్కు తిరిగి, ‘‘గీమె మనలెక్కనే మాట్లాడుతుందిరా’’ అన్నది. ఆ తర్వాత మీటింగులో ఆమె కూడా నోరు తెరిచి మాట్లాడటం మొదలుపెట్టింది.

చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి ఎక్కింది. 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ పి.బి.సావంత్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. నేను అప్పుడు డిప్లొమా చదువుతున్నా. 2006 నిబంధనల ప్రకారం ఇలాంటి రేడియోకు మామూలుగా 100 వాట్ల పవర్ దాటకూడదు, టవర్ 30 మీటర్లు మించకూడదు. అంటే మన సైట్ లెక్కలో పదంతస్తుల బిల్డింగంత. పట్నం స్టేషన్ల ముందు అది చిన్నదే. కానీ చుట్టుపక్కల పల్లెలకు అది చాలు. లైసెన్సు వచ్చేనాటికి వాళ్లకు పదేళ్ల అనుభవం చేతిలో ఉంది. అనుమతి వచ్చినంక నేర్చుకుందాం అనుకుని ఆగి ఉంటే ఆ పాటలు, ఆ విత్తనాల ముచ్చట్లు చెప్పే ముసలోళ్లలో ఎంతమంది మిగిలేవాళ్లు?

గల్ఫ్‌లో ఇదంతా ఎందుకంటారా? మనకంటే ముందు తరం వాళ్లు ఇక్కడి నుంచి ఇంటికి క్యాసెట్లో మాట నింపి, లీవుకు పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లు. చదువు రాని తల్లికి ఉత్తరం కంటే ఆ టేపే నయం. ఇప్పుడు వాట్సాప్‌లో రోజూ వాయిస్ మెసేజ్‌లు వస్తున్నాయి. ఫోన్ మారిస్తే అన్నీ పోతున్నాయి. ‘‘తిన్నవా, పైసలు పంపినవా’’ తప్ప వేరే ముచ్చట కూడా తక్కువే.

అన్నలారా, తమ్ముళ్లారా! ఈసారి లీవుకు పోయినప్పుడు ఒక పూట మీ అమ్మ పక్కనో, నాయనమ్మ పక్కనో కూర్చోండి. నాట్లేసేటప్పుడు ఏం పాట పాడేవాళ్లు, కరువొచ్చిన ఏడు ఏం తిని బతికారు, పెండ్లి ఎట్ల జరిగింది, ఇవన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. మొదట్లోనే మనిషి పేరు, ఊరు, తారీఖు చెప్పించండి. రెండు చోట్ల దాచండి. దానికి లైసెన్సు అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. మా అమ్మవి నా దగ్గర పదకొండు పాటలున్నాయి. వచ్చే లీవులో మిగతావి అడగాలి.