ప్రత్తిలో లింగాకర్షక ఎరలు: నాణ్యమైన వాటిని ఎంచుకొనే విధానం

మోత్కూరు పరిసరాలలోని ఎర్రచెల్క, నల్లరేగడి నేలలలో వర్షాధారంగా సాగయ్యే పంటలలో ప్రత్తి ముఖ్యమైనది. గులాబీ రంగు పురుగును అదుపు చేయగలదన్న నమ్మకంతో 2006లో మన దేశంలో ప్రవేశించిన బీజీ-2 ప్రత్తిని సైతం ఈ పురుగు తట్టుకొనే శక్తిని సంతరించుకొన్నది. గుడ్డు నుండి వెలువడిన లార్వా కొద్ది సమయంలోనే మొగ్గలోనికో కాయలోనికో చేరిపోతుంది. ఆ పిమ్మట ఏ మందు చల్లినా దానికి తగలదు. కనుక తల్లి పురుగుల రాకను ముందుగా గుర్తించడమే సస్యరక్షణకు తొలి మెట్టు. ఇందుకు లింగాకర్షక బుట్టలు ఉపకరిస్తాయి.

బుట్ట కంటే అందులోని ఎర ముఖ్యం. చెరువులో గాలానికి నాసిరకం ఎర గుచ్చితే చేప పడదు; ఆ నష్టం జాలరికి వెంటనే తెలుస్తుంది. చేనిలోని బుట్టకు నాసిరకం ఎర పెట్టినా పురుగు పడదు. అయితే ఖాళీ బుట్టను చూసి రైతు చేనిలో పురుగు లేదని భావిస్తాడు. కాయలు పగిలి, గుడ్డి పత్తి బయటపడే వరకు అసలు సంగతి తెలియదు. నాసిరకం ఎర వలన కలిగే నిజమైన నష్టం దాని వెల కాదు, అది చెప్పే అబద్ధం.

ఎర పనిచేసే తీరు

ఆడ రెక్కల పురుగు మగ పురుగును ఆకర్షించుటకు ఒక వాసన ద్రవ్యాన్ని వెలువరిస్తుంది. ఇటువంటి ద్రవ్యాన్ని తొలిసారిగా 1959లో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం పట్టుపురుగులో గుర్తించింది. గులాబీ రంగు పురుగుకు సంబంధించిన గాసిప్లూర్‌ను 1973లో గుర్తించారు. ఇది దాదాపు సమపాళ్ళలో ఉండే రెండు రసాయన రూపాల మిశ్రమం. ఈ పాళ్ళు తప్పితే ఆకర్షణ తగ్గుతుంది. మిశ్రమాన్ని రబ్బరు బిళ్ళలోనో ప్లాస్టిక్ గొట్టంలోనో నింపి, కొద్దికొద్దిగా వెలువడేటట్లు తయారు చేస్తారు. రబ్బరు నాణ్యత లోపిస్తే మొదటి కొద్ది రోజులలోనే వాసన అంతా పోతుంది. ఎండకు, వేడికి గురైన ఎర వాడకముందే బలహీనపడుతుంది.

కొనుగోలు సమయంలో పరిశీలించవలసిన అంశాలు

1. సంచిపై ఏ పురుగుకు ఉద్దేశించినదో స్పష్టంగా ఉండాలి. గులాబీ రంగు పురుగు, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు - మూడింటి ఎరలు వేర్వేరు. ఒకే ఎర అన్ని పురుగులనూ పట్టునన్న ప్రచారాన్ని నమ్మరాదు.

2. తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచ్ సంఖ్య, చేనిలో ఎన్ని రోజులు పనిచేయునో ముద్రించి ఉండాలి.

3. ఒక్కొక్క ఎర గాలి చొరని రేకు సంచిలో విడిగా ఉండాలి. సంచి విప్పకముందే ఘాటైన వాసన వస్తే సీలు సరిగా లేదని గ్రహించాలి.

4. దుకాణంలో ఎక్కడ నిల్వ చేశారో చూడాలి. ఎండ తగిలే బల్లపై ఉన్న సరుకు కంటే చల్లని చోట ఉంచిన సరుకు మేలు.

5. రశీదు తప్పక తీసుకోవాలి.

ధరను అంచనా వేయు విధానం

ఎర ధరను పనిచేసే రోజులతో భాగించి పోల్చాలి. ఉదాహరణకు, 20 రూపాయల ఎర 20 రోజులు పనిచేస్తే రోజుకు ఒక రూపాయి. 45 రూపాయల ఎర 60 రోజులు పనిచేస్తే రోజుకు ముప్పావలా. చౌక అనిపించినదే ఇక్కడ ఖరీదైనది. అట్లని ధర ఎక్కువైనంత మాత్రాన నాణ్యత ఉన్నట్లు కాదు. బుట్ట రంగుకు, ఆకర్షణీయమైన డబ్బాకు అదనంగా చెల్లించవలసిన పని లేదు.

చేనిలో సరిపోల్చుట

గ్రామంలోని రైతులు కలసి ఈ పరీక్షను స్వయంగా చేసుకోవచ్చు. పూత దశలో రెండు రకాల ఎరలను ఒకే విధమైన బుట్టలలో, ఒక్కొక్క రకానికి మూడు చొప్పున, 30 మీటర్ల ఎడంతో ఒకదాని తర్వాత ఒకటిగా అమర్చాలి. ఎర లేని బుట్ట ఒకటి పోలిక కొరకు ఉంచాలి. ప్రతి ఉదయం పడిన పురుగులను లెక్కించి తొలగించాలి. మూడు రోజులకొకసారి బుట్టల స్థానాలను మార్చాలి. లేనిచో చేను అంచున ఉన్న బుట్టకు కలిగే అనుకూలత ఎర గొప్పతనంగా కనిపిస్తుంది. సుమారు రెండు వారాల లెక్కతో ఏది మేలైనదో తెలుస్తుంది. నెల తర్వాత అవే ఎరలను కొత్త ఎర పక్కన ఉంచి చూస్తే వాటి మన్నిక కూడా తేలుతుంది.

వాడకంలో జాగ్రత్తలు

విత్తిన 45 రోజుల నుండి నిఘా కొరకు ఎకరాకు 2 బుట్టలు, పైరు కంటే అడుగు ఎత్తున ఉండునట్లు అమర్చాలి. పొగాకు, పురుగుమందు అంటిన చేతులతో ఎరను తాకరాదు. ఒక బుట్టలో రెండు పురుగుల ఎరలను ఉంచరాదు. గడువు తీరిన ఎరను చేనిలోనే పారవేయరాదు.

ఒక్కొక్క బుట్టలో రాత్రికి 8 పురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడితే నివారణ చర్యలు చేపట్టాలి. బుట్ట ఖాళీగా ఉన్నా నిర్లక్ష్యం తగదు. వారానికొకసారి 20 మొక్కల నుండి 20 పచ్చికాయలను కోసి, చీల్చి చూడాలి. రెండింటిలో లార్వాలు కనిపిస్తే నష్ట పరిమితి చేరినట్లే. కాయలలో పురుగు ఉండి బుట్టలో లేకుంటే, ఆ ఎరను వెంటనే మార్చాలి.

ఎర మగ పురుగులను మాత్రమే పట్టును. పొరుగు చేలలో జతకట్టిన ఆడ పురుగులు వచ్చి గుడ్లు పెట్టడాన్ని అది ఆపలేదు. కావున గ్రామమంతా కలసి బుట్టలు అమర్చడం, పంటను పొడిగించక డిసెంబరు, జనవరి నాటికి ముగించడం, ప్రత్తి కట్టెను చేను గట్లపై నిల్వ ఉంచకపోవడం కూడా అంతే అవసరం.