జ్వరమే రాలేదు, మరి కరోనా వచ్చిపోయిందని రక్తం ఎలా చెప్పింది?

ఈ సందేహం మనలో చాలామందికి ఉంది. జవాబు తెలుసుకుంటే గది గురించీ, సెలవు గురించీ మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

రెండు పరీక్షలు, రెండు పనులు

ముక్కులో పుల్ల పెట్టి చేసే పీసీఆర్, వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా అని చూస్తుంది. యాంటీబాడీ పరీక్ష రక్తంతో చేస్తారు. వైరస్‌తో పోరాడటానికి మన ఒళ్లు తయారుచేసుకునేవే యాంటీబాడీలు. ఇవి కనిపించడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. వైరస్ పోయాక కూడా నెలల తరబడి ఉంటాయి. పీసీఆర్ ఈరోజు గల్లాపెట్టెలో ఏముందో చెబితే, యాంటీబాడీ పరీక్ష పాత పద్దు తిరగేసి చూపిస్తుంది.

సింగపూర్ డార్మిటరీల లెక్క

2020 డిసెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించిన లెక్క ఇది. డార్మిటరీల్లో ఉన్న కార్మికులు సుమారు 3,23,000 మంది. పీసీఆర్‌లో తేలినవాళ్లు 54,505. అందులో దొరకకుండా రక్తపరీక్షలోనే తేలినవాళ్లు ఇంకో 98,289. రెండూ కలిపితే 1,52,794, అంటే 47 శాతం. పీసీఆర్ ఒక్కటే చూస్తే ఆరుగురిలో ఒకరు. రక్తం కూడా చూస్తే దాదాపు ఇద్దరిలో ఒకరు!

ఇంతగా పాకడానికి కారణం మన ఒంట్లో లేదు, మనం ఉన్న గదిలో ఉంది. ఒకే గదిలో పది, పదిహేను మంది, అందరికీ అవే స్నానాల గదులు, అదే వంటగది. ఆ అనుభవం తర్వాతే, 2021 సెప్టెంబర్‌లో కొత్త డార్మిటరీలకు కొత్త ప్రమాణాలు పెట్టారు: గదికి 12 మందికి మించకూడదు, మనిషికి కనీసం 4.2 చదరపు మీటర్ల చోటు ఉండాలి.

అందరికీ పరీక్ష చేయలేనప్పుడు

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా, సర్వే కూడా అంతే. 2021 జూన్, జులై నెలల్లో మన దేశంలో ఐసీఎంఆర్ 70 జిల్లాల్లో ఆరేళ్లు, ఆపై వయసున్న 28,975 మంది రక్తం పరీక్షించింది. 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 70.2, తెలంగాణలో 63.1 శాతం. టీకా వల్ల వచ్చినవి కూడా ఇందులో కలిసే ఉన్నాయి. అయితే మెతుకులు గిన్నెలో అన్నివైపుల నుంచీ తీయాలి. ఒక్క బ్లాకులో చూసి డార్మిటరీ మొత్తానికి చెబితే లెక్క తప్పుతుంది.

పాజిటివ్ వస్తే ఇక భయం లేదా?

అలా అనుకోవద్దు. యాంటీబాడీలు కాలంతోపాటు తగ్గుతాయి, వైరస్ కూడా రూపం మార్చుకుంటుంది. ఒమిక్రాన్ వచ్చినప్పుడు, ముందే ఒకసారి వచ్చినవాళ్లకూ మళ్లీ సోకింది. పైగా సర్వే శాతం గుంపు సంగతి చెబుతుంది, మీ ఒక్కరి సంగతి కాదు.

అందుకని "నీకు ఒకసారి వచ్చిపోయిందిగా, ఏం కాదు, పనికి రా" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టుకోవద్దు. జ్వరం, దగ్గు ఉంటే డాక్టర్‌కి చూపించుకుని ఎంసీ తీసుకోండి. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ల వైద్యం ఖర్చు యజమానే పెట్టుకోవాలి. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకూ ఇదే వర్తిస్తుంది. రక్తం తీసేటప్పుడు ఎందుకు తీస్తున్నారో అడగండి. రిపోర్టు ఇస్తే ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి.