అక్కయ్యను అడిగారా?

కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసొచ్చారంతా. కాళ్లు కడుక్కుని అరుగుమీద కూర్చోగానే అమెరికా తమ్ముడు అసలు సంగతి కదిపాడు.

'అమ్మా నాన్నా లేరు. తాళమేసిన ఇంటికి చెదలు తప్ప ఎవరొస్తారు? ఆదివారం నా ప్రయాణం. ఈలోపు బేరం తేల్చేద్దాం అన్నయ్యా!'

హైదరాబాద్ అన్నయ్య తలూపాడు. గుమ్మంలో నిల్చున్న రాజోలు అక్కయ్య ఏమీ అనలేదు. అసలు ఆమెను ఎవరూ అడగలేదు!

పండక్కి కోనసీమలో ఇలాంటి ముచ్చట సాగే అరుగులెన్నో. చదువులకని హైదరాబాద్, ఉద్యోగాలకని అమెరికా, సంపాదనకని గల్ఫ్... పిల్లలు తలోదిక్కూ వెళ్లాక, అమలాపురం, కొత్తపేట పల్లెల్లో మండువా లోగిళ్లు మిగిలాయి. చుట్టూ వసారాలు, మధ్యలో ఆకాశం, పెరట్లో కొబ్బరిచెట్లు. చూడ్డానికి ముచ్చటే. కానీ ఏటా వానలకు ముందు పెంకు సర్దించకపోతే దూలాలు నానిపోతాయి. మనిషి మసలని ఇల్లు త్వరగా పాడవుతుంది. కాబట్టి అమ్మాలనుకోవడం తప్పేం కాదు. చిక్కంతా తొందరతోనే.

పెళ్లిలో ఇచ్చేశాంగా!

'అక్కయ్యకు పెళ్లప్పుడే అన్నీ పెట్టాం కదా' అంటారు చాలామంది. చట్టం అలా అనదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా తండ్రి కన్నుమూస్తే ఆయన స్వార్జితంలో కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన వాటా ఉంటుంది. పిత్రార్జితంలోనూ ఆడపిల్లలకు హక్కు కల్పిస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చింది. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. అప్పటికే పెళ్లయినవారికి మాత్రం ఆ హక్కు దక్కలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడానీ తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అయితే, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడలేం.

ఇంకో విశేషం... కుటుంబం కాపురముండే ఇంటిని పంచమని అడిగే హక్కు 2005 దాకా ఆడపిల్లకు లేదు. అన్నదమ్ములు పంచుకుంటేనే ఆమెకు వాటా. ఆ నిబంధనా ఇప్పుడు లేదు. క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకు వేరే వారసత్వ నిబంధనలుంటాయి.

అందుకే అక్కయ్య సంతకం లేని అమ్మకాన్ని కొనేవాళ్లు నమ్మరు. నమ్మి కొన్నా రేపు కోర్టు మెట్లెక్కాల్సిరావచ్చు. పోనీ ఎవరి వాటా వాళ్లు అమ్ముకుంటే? పంపకాలు కాని ఇంట్లో వాటా కొన్న బయటివ్యక్తికి ఆ కుటుంబంతో కలిసి ఉండే హక్కు రాదు. ఇక మంచి ధర ఎవరిస్తారు?

కాగితాలే కాలయాపన

బేరం ఒక్కపూటలో కుదరొచ్చు. కాగితాలు కుదరవు. మరణ ధ్రువీకరణ పత్రాలు, తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం, పాత దస్తావేజులు, ఈసీ... అన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. గ్రామకంఠంలోని పాత ఇళ్లకు చాలాసార్లు దస్తావేజే ఉండదు. ఇంటిపన్ను రసీదులు స్వాధీనాన్ని చెబుతాయి కానీ యాజమాన్యానికి పూర్తి రుజువు కావు.

విదేశాల్లో ఉన్నవాళ్లు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపిన ఆ పత్రానికి, మనదేశం చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి.

పన్ను సంగతీ మరవకూడదు. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, అమ్మితే వచ్చే లాభంపై ఉంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు పెద్దలు కట్టిన ఇల్లయితే ఆనాటి విలువను ఖర్చుగా చూపొచ్చు. అమ్మే వ్యక్తి ప్రవాస భారతీయుడైతే కొనేవాళ్లు ముందే పన్ను మినహాయించుకోవాలి. అది తగ్గాలంటే ఆదాయపన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దానికీ సమయం పడుతుంది.

తొందరపడే ఇంట్లో ఇంకో నష్టం ఉంది. కొనేవాళ్లు స్థలానికే వెల కడతారు. టేకు స్తంభాలు, తలుపులు, దూలాల విలువ విడిగా కట్టించుకోకపోతే అవి ఉచితంగా పోయినట్టే!

మొదటి బేరం ఇంట్లోనే

వీలునామా లేకుండా సంక్రమించిన ఇంట్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే, దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు తోటి వారసులకు ఉంది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. వాటా వద్దనుకునేవాళ్లు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. నోటిమాట చాలదు.

కాబట్టి ఈ పండక్కి అమ్మేయాలనుకుంటే కిందటి పండక్కే అందరూ కూర్చోవాలి. ఇంతకీ ఆ అక్కయ్య మనసులో ఏముందో! వాటా కావాలంటుందో, వద్దంటుందో, తానే కొంటానంటుందో... అమ్మ దీపం పెట్టిన తులసికోట ఒక్కటి ఇస్తే చాలంటుందో.

అడిగితేనే కదా తెలిసేది!