మీ పాప నలుగురిలో కలవడం లేదా?

ఇంటికి చుట్టాలొస్తారు. మూడేళ్ళ పాప తల్లి కొంగు చాటున దాక్కుంటుంది. "మామయ్యకు దణ్ణం పెట్టమ్మా, పాట పాడమ్మా" అని తల్లి ముందుకు తోస్తుంది. పాప ఏడుపు లంకించుకుంటుంది. "మా పిల్లకు ఒట్టి సిగ్గండీ, ఎవరితోనూ కలవదు" అని తల్లి అందరి ముందూ అనేస్తుంది. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతోందా? అయితే ముందు మార్చుకోవలసింది పాపను కాదు, మన పద్ధతిని.

నడకలాగే, మాటలాగే కలివిడితనం కూడా మెట్టు మెట్టుగా వస్తుంది. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పసిపిల్లల ఆటలను గమనించి ఈ మెట్లను వివరించారు. మొదట బిడ్డ ఒంటరిగా ఆడుకుంటుంది. పక్కవాళ్ళ ఆట చూస్తూ నిలబడుతుంది. తరువాత వాళ్ళ పక్కనే కూర్చుని తన ఆట తాను ఆడుకుంటుంది. కలిసి ఆడడం ఆ తరువాతి సంగతి. కాబట్టి రెండేళ్ళ పిల్లలిద్దరు ఒకే ఇసుక కుప్ప మీద కూర్చుని పలకరించుకోకపోతే అది పొగరు కాదు. బొమ్మ ఇవ్వనని గుంజుకోవడమూ ఆ వయసుకు సహజమే.

అయితే ఈ మెట్లు ఎక్కడానికి తోడు కావాలి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊరినే తీసుకోండి. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే రోడ్డు మీది ఊరు. అక్కడ కొత్తగా ఇల్లు కట్టుకుని దిగిన ఆలుమగలకు నానమ్మా, మేనత్తా దగ్గర లేరనుకోండి. పగలంతా తల్లీ, బిడ్డా, ఒక సెల్‌ఫోనూ. ఏడాది బిడ్డకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను బొమ్మ నవ్విస్తుందే కాని, బిడ్డ నవ్వుకు బదులు నవ్వదు.

మీరు చేయదగినవి ఇవి:

1. ఒక్క స్నేహితురాలితో మొదలుపెట్టండి. పక్కింటి పాపను అరగంట మీ ఇంటికి పిలవండి. గుంపులోకి ఒక్కసారిగా తోయకండి.

2. ఎదురెదురుగా కూర్చుని బంతి దొర్లించండి. "ఇప్పుడు నీ వంతు, ఇప్పుడు నా వంతు" అనండి. చెమ్మచెక్క, దాగుడుమూతలు నేర్పేదీ ఇదే.

3. తగవు వస్తే వెంటనే తీర్పు చెప్పకండి. "బొమ్మ లాక్కుందని కోపం వచ్చిందా? కొట్టకూడదు, 'నాకియ్యి' అని అడుగు" అని మాట అందించండి.

4. చుట్టాలొస్తే కాసేపు చూడనివ్వండి. ఆ తరువాత తాతయ్యకు మంచినీళ్ళ గ్లాసు అందించడం వంటి చిన్న పని చెప్పండి. అన్నతోనో, పక్కింటి పిల్లతోనో పోల్చకండి.

5. మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీకి పంపవచ్చు. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం గుడ్డూ, పాలకే కాదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువూ అందులో భాగమే.

ఇక అశ్రద్ధ చేయకూడని సంగతి. సిగ్గుపడే బిడ్డ కొత్తవారి ముందు ముడుచుకున్నా, ఇంట్లోవాళ్ళతో నవ్వుతుంది, మాట్లాడుతుంది. అలా కాక, ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు కావలసిన వస్తువును వేలితో చూపకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. వినికిడి పరీక్ష తప్పక చేయించండి. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమేనట" అని ఏళ్ళు గడపకండి. కారణం చెవుడు కావచ్చు, ఆటిజం కావచ్చు. ఎంత త్వరగా కనిపెడితే శిక్షణ అంత మేలు చేస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో మానసిక ఎదుగుదల వెనుకబడిన పిల్లలకు పరీక్షలు చేస్తారు, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు.

మిగిలిన పిల్లలకు మందూ వద్దు, మందలింపూ వద్దు. సాయంత్రం ఓ గంట ఫోను పక్కన పెట్టి, పాప చెయ్యి పట్టుకుని వీధి అరుగు దాకా రండి. పక్కింటి పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. పాప చూస్తూ నిలబడితే నిలబడనివ్వండి. అదీ ఒక మెట్టే.