కరెంటు దగ్గర కక్కుర్తి పడితే..!

నా ఫస్ట్ గేమింగ్ పీసీ రెండు నెలలకే ‘టప్’మంది. తప్పు నాదే!

జీతంలోంచి దాచుకున్న 55 వేలతో సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌కి వెళ్లా. ఎక్కువ డబ్బు ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డుకి పెట్టా. ఫుల్ హెచ్‌డీ గేమింగ్‌కి అది చాలు. ప్రాసెసర్ రైజెన్ 5 5600. దానికి 6 కోర్లు, కూలర్ బాక్సులోనే వస్తుంది. ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్ కాకుండా 8+8 తీసుకున్నా. రెండుంటేనే డ్యూయల్ చానెల్, స్పీడు కూడా.

ఇక మిగిలింది ఎస్‌ఎంపీఎస్. ఊరూ పేరూ లేనిది చౌకగా కనిపించింది. ‘‘తమ్ముడూ, ఇంకో రెండు వేలు పెట్టు. కరెంటు దగ్గర కక్కుర్తి పడకు’’ అన్నాడు షాపాయన. నేను వినలా. ఆ రెండు వేలతో ఆర్‌జీబీ ఫ్యాన్లు కొన్నా!

ఓ రాత్రి మ్యాచ్ మధ్యలో చప్పుడు, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ పోతూ కార్డునీ తీసుకెళ్లింది. 5600లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి కనీసం డిస్‌ప్లే కూడా రాలేదు. మళ్లీ కార్డు కొనడానికి ఐదు నెలలు పట్టింది.

అందుకే ఫ్రెండ్స్, ముందు వాట్ల లెక్క వేయండి. ప్రాసెసర్ 65, కార్డు 132, మిగతావి కొన్ని. మంచి కంపెనీది 550 వాట్లు హాయిగా సరిపోతుంది. ‘80 ప్లస్’ ముద్ర కరెంటు వృథా తక్కువని మాత్రమే చెబుతుంది. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్లు ఉన్నాయో లేదో, వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి. లైట్లదేముంది, వచ్చే నెల జీతంతో కొనుక్కోవచ్చు!