మైక్ సెట్ పెట్టెలోంచి స్టూడియోకి: పాత షూర్ 545తో ఒక జానపద పాట

యూట్యూబ్‌లో ఏ పాడ్‌కాస్ట్ ఓపెన్ చేసినా మనిషి మూతి ముందు లావుపాటి నల్ల మైకు ఒకటి కనిపిస్తుంది కదా, అది షూర్ ఎస్‌ఎం7బి. మన దగ్గర ధర సుమారు నలభై వేలు. మైకుల గురించి ఎప్పుడు మాట్లాడినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, పాటలు రికార్డ్ చేయాలంటే అది కొనాల్సిందేనా?" ఈసారి సమాధానం ఒక పాత మైకుతో చెప్తాను. దాని పేరు షూర్ 545, యూనిడైన్ III. మహబూబ్‌నగర్‌లో ఒకప్పుడు పెళ్లిళ్లకు, బోనాలకు మైక్ సెట్ కట్టిన ఒక పెద్దాయన ఇంట్లో, ఇనుప పెట్టెలో, పాత గుడ్డలో చుట్టి ఉంది. వరసకు ఎస్‌ఎం7బికి తాత అవుతుంది. ఆ చుట్టరికం ఏంటో కింద చెప్తాను. ముందు దీనితో పనెందుకు పడిందో చూద్దాం.

గది అట్లా, గొంతు ఇట్లా

నల్లగొండ, పాలమూరు వైపు టౌన్లలో ఇప్పుడు ఒక్క గది స్టూడియోలు నడుస్తున్నాయి. జానపద పాట రికార్డ్ చేయడం, పొలం గట్ల మీద వీడియో తీయడం, యూట్యూబ్‌లో పెట్టడం. దేవరకొండలో నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు అట్లాంటిదే పెట్టాడు. ఇద్దరం ఈసీఈ చదివాం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను, వాడు మాత్రం చదివిన సబ్జెక్టుకు కాస్త దగ్గర్లోనే ఆగాడు. వాడి సెటప్: పాత ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఆన్‌లైన్‌లో కొన్న రెండు వేల రూపాయల కండెన్సర్ మైకు. గోడలకు ఏమీ లేదు. కిటికీ అవతల రోడ్డు. పైన ఫ్యాను.

పాడాల్సింది దగ్గరి ఊరి నుంచి వచ్చే ఒక అక్క. నాట్లప్పుడు పది మంది మధ్య పాట అందుకునే గొంతు ఆమెది. పొలం ఈ మూల పాడితే ఆ మూల వినబడాలి, అదే ఆమె ప్రాక్టీసు. పత్తి ఏరే రోజులు కాబట్టి, రికార్డింగ్‌కు వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. మొదటిసారి కండెన్సర్ ముందు మూడు గంటలు నిలబెట్టారట. పై స్థాయికి పోతే మీటర్ ఎర్రబడుతుంది, సౌండ్ పగులుతుంది. "అక్కా, కొంచెం ఎనకకు జరుగు" అంటే ఆమె జరుగుతుంది, అప్పుడు గోడల ప్రతిధ్వని, ఫ్యాను, రోడ్డు మీద ట్రాక్టర్ అన్నీ పాటలోకి వచ్చేస్తాయి. ఫ్యాను ఆపితే చెమటలు. చివరికి గొంతు బొంగురుపోయింది. "ఇంకొక్కసారి వస్త తమ్మీ, మళ్ల మళ్ల రమ్మంటే నాతోని కాదు" అని చెప్పి వెళ్లింది.

అంటే మిగిలింది ఒక్క రోజు. నాకు ఫోన్ వచ్చింది అప్పుడు.

తాత, తండ్రి, మనవడు

డైనమిక్ మైకు పని చేసే తీరు చాలా సింపుల్. పల్చటి డయాఫ్రం, దాని వెనక సన్నని రాగి తీగ చుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతం. గొంతు గాలిని కదిపితే డయాఫ్రం కదులుతుంది, చుట్ట అయస్కాంత క్షేత్రంలో ఊగుతుంది, కరెంటు పుడుతుంది. స్పీకర్‌ను తిరగేస్తే మైకు అన్నమాట. బ్యాటరీ వద్దు, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వద్దు.

షూర్ కంపెనీ 1939లో మోడల్ 55 యూనిడైన్ తెచ్చింది. పాత ఫొటోల్లో ఎల్విస్ ప్రెస్లీ ముందు కనిపించే పక్కటెముకల్లాంటి మైకు అదే. ఒకే ఎలిమెంట్‌తో ముందు వైపు సౌండ్‌నే ఎక్కువగా తీసుకునేలా దాన్ని డిజైన్ చేసింది బెంజమిన్ బావర్. తర్వాత ఎర్నీ సీలర్ అనే ఇంజినీర్ ఆ పనిని చిన్న కాప్సూల్‌లోకి దించాడు. 1959లో వచ్చిన ఆ మైకే 545, యూనిడైన్ III. చేత్తో పట్టుకుని కొస దగ్గర పాడే రూపం. ఇదే డిజైన్ మీద 1965లో ఎస్‌ఎం57, 1966లో ఎస్‌ఎం58 వచ్చాయి. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. మనం స్టేజీ మైకు అనుకునే ఎస్‌ఎం58ని మొదట తయారు చేసింది రేడియో, టీవీ స్టూడియోల కోసం. మొదట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు కూడా. 1970ల్లో లాస్ వేగస్ స్టేజీలు ఎక్కాక దాని జాతకం మారింది. 1973లో అదే కుటుంబం కాప్సూల్‌తో ఎస్‌ఎం7 వచ్చింది. మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్ వోకల్స్‌కు ఇంజినీర్ బ్రూస్ స్వీడియన్ వాడింది దాన్నే. ఇప్పుడు పాడ్‌కాస్టుల్లో ఉన్న 7బి దాని వారసుడు, 2001 నాటిది.

అట్లా నలభై వేల మైకుకూ, పాలమూరు ఇనుప పెట్టెలో మైకుకూ రక్తసంబంధం ఉంది. రెండూ ఒకటే అని అనడం లేదు. 7బిలో హమ్ ఆపే కాయిల్, పెద్ద స్పాంజి, బేస్ కట్ స్విచ్ లాంటివి ఉన్నాయి. కానీ మూలం ఒకటే.

పెట్టెలోంచి తీశాక

మైక్ సెట్ మామ (నా ఫ్రెండ్‌కు మేనమామ, నాక్కూడా మామే) దీన్ని కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. "పెండ్లిల అందరికి ఇచ్చేటోన్ని కాదు బిడ్డా, మంచిగ పాడెటోళ్లు వస్తెనే తీసేది" అన్నాడు. వెండి రంగు అక్కడక్కడా పోయింది, జాలీ మీద చిన్న సొట్ట. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే లోపల ఏదీ గలగలమనలేదు. మంచి సంకేతం.

ఒకటే సమస్య: కేబుల్ చివర ఆరు మిల్లీమీటర్ల జాక్ పిన్. పాత మైక్ సెట్ యాంప్లిఫైర్లకు అదే కావాలి. 545లో లో ఇంపిడెన్స్, హై ఇంపిడెన్స్ రెండూ ఉంటాయి, ఏది వాడుకోవాలో వైరింగ్ బట్టి ఉంటుంది. మామ దాన్ని హైలో కట్టించాడు. హై ఇంపిడెన్స్‌లో కేబుల్ ఐదారు మీటర్లు దాటితే పై ఫ్రీక్వెన్సీలు తగ్గిపోతాయి, పైగా ట్యూబ్‌లైట్ల గుయ్‌మనే హమ్ ఎక్కుతుంది. రికార్డింగ్‌కు లో ఇంపిడెన్స్, బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కావాలి. అందులో సిగ్నల్ రెండు తీగల్లో ఎదురెదురుగా పోతుంది. దారిలో దూరిన హమ్ రెండింట్లో ఒకేలా ఉంటుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ దగ్గర కొట్టేసుకుంటుంది. దేవరకొండలో ఒక రేడియో మెకానిక్ అరగంటలో తీగలు మార్చి సోల్డరింగ్ చేసి ఇచ్చాడు. కేబుల్, కనెక్టర్, కూలీ అన్నీ కలిపి ఐదు వందల లోపే అయ్యింది. ఇట్లాంటి మైకు మీ చేతికొస్తే "సౌండ్ మందంగా ఉంది, పాడైంది" అనుకుని పడేయకండి, ముందు వైరింగ్ చూపించండి.

ఆ ఒక్క రోజు

అక్క పొద్దున్నే వచ్చింది. స్టాండు మీద కండెన్సర్ లేకపోవడం చూసి ఊపిరి పీల్చుకుంది. 545 చేతికిస్తే, "గిదైతే నాకెర్కనే, పెండ్లిల పట్టుకుంటం గద" అని నవ్వింది. ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండని ఫీచర్ ఇది. మైకంటే భయం లేని మనిషి పాడే పాట వేరు.

పెదాలకు మూడు వేళ్ల దూరం, కొంచెం పక్కకు వంచి. సూటిగా పెడితే 'ప', 'భ' అక్షరాల దగ్గర గాలి డప్పుమని తగులుతుంది. ఈ మోడల్‌కు ఎస్‌ఎం58 లాంటి గుండ్రటి జాలీ లేదు కాబట్టి పైన ఒక స్పాంజి తొడిగాం. ఫ్యాను ఆపలేదు. మైకు వెనక వైపు సరిగ్గా రోడ్డు కిటికీ వచ్చేలా ఆమెను నిలబెట్టాం. ఈ మైకు కార్డియాయిడ్, అంటే సరిగ్గా వెనక నుంచి వచ్చేది తక్కువ తీసుకుంటుంది. డప్పు కొట్టే తాతను కూడా ఆ వెనక వైపు మూలనే కూర్చోబెట్టాం. ఇద్దరూ కలిసి పాడితేనే లయ కుదురుతుంది అని అక్క పట్టుబట్టింది. ఆమె మాటే కరెక్ట్. డప్పు సౌండ్ పాటలోకి రాకుండా పోలేదు, కానీ గొంతును మింగలేదు.

మూడు టేకులు. మూడోది ఉంచాం. పై స్థాయికి పోయినప్పుడు సౌండ్ పగల్లేదు. మిక్సింగ్‌లో 100 హెర్ట్జ్ కింద కట్ చేశాం, 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా తగ్గించాం. ఈ కుటుంబం మైకులన్నిటికీ అక్కడ ఒక ఉబ్బు ఉంటుంది, 'స', 'చ' కొంచెం గుచ్చుకుంటాయి. అంతే. పన్నెండు గంటలకల్లా అక్క ఆటో ఎక్కింది.

డైనమిక్ మైకు "శబ్దం తీసుకోదు" అంటే నమ్మొచ్చా?

ఇది ప్రతి వీడియోలో చెప్తారు. సగం నిజం. అక్క వెళ్లాక ఇదే 545ను అడుగు దూరంలో పెట్టి, గెయిన్ పెంచి నేనే మాట్లాడాను. ఫ్యాను, రోడ్డు అన్నీ వచ్చాయి. మైకుకు ఏది పాటో ఏది ట్రాక్టరో తెలీదు. తేడా అంతా దూరంలో ఉంది. అడుగు దూరం నుంచి రెండు అంగుళాలకు, అంటే ఆరో వంతుకు వస్తే, లెక్క ప్రకారం గొంతు 15 డెసిబెల్స్ పైన పెరుగుతుంది, గది శబ్దం మాత్రం ఉన్నంతే ఉంటుంది. డైనమిక్ గొప్పతనం ఏంటంటే, అంత దగ్గరగా, అంత గట్టిగా పాడినా తట్టుకుంటుంది. చవక కండెన్సర్ దగ్గర ఆ పని చేయలేం.

ఇంకో భయం: "డైనమిక్‌కు చాలా గెయిన్ కావాలి, బూస్టర్ కొనాలి." మైకు సెన్సిటివిటీ తక్కువన్నది నిజమే. ఎస్‌ఎం58ది పాస్కల్‌కు మైనస్ 54.5 డెసిబెల్ వోల్ట్, 7బిది మైనస్ 59. 7బికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని షూరే చెప్తుంది. కానీ ఆ లెక్క మెల్లగా మాట్లాడే పాడ్‌కాస్టర్‌కు. నాట్ల పాట పాడే గొంతుకు కాదు. మా ఇంటర్‌ఫేస్ గెయిన్ నాబ్ సగం దాటాల్సిన పని పడలేదు. బూస్టర్ డబ్బులు మిగిలాయి.

మైకులు లేని కాలంలో, 1940ల్లో, సుద్దాల హనుమంతు లాంటి వాళ్లు గొల్లసుద్దుల బాణీల్లో ఊరూరా పాడింది ఇట్లాంటి గొంతులతోనే. మన ప్రాంతం పాటకు ఆ బలం అలవాటు. దాన్ని మెత్తగా చేయకుండా పట్టుకునే మైకు కావాలి, నా అభిప్రాయం ఇంతే.

ఎక్కడ వాడొద్దు

జోలపాట, గుసగుస, మెల్లగా పాడే మెలొడీ అయితే దీన్ని వద్దంటాను. సొరకాయ బుర్రల కిన్నెర కూడా అంతే. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెర ఉంది చూడండి, దాని తీగల సన్నని మెరుపు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. ఈ మైకు 15 కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. నిశ్శబ్దమైన గది, మంచి కండెన్సర్ ఉంటే కిన్నెరకు అదే న్యాయం.

ఫోన్ సరిపోదా అని అడిగేవాళ్లకు: ఫోన్ మైకు మాటల కోసం ట్యూన్ చేసింది. చాలా ఫోన్లలో రికార్డర్ యాప్ శబ్దాన్ని తగ్గిస్తూ, వాల్యూమ్‌ను తనే పెంచుతూ దించుతూ ఉంటుంది. సాగదీసిన రాగాన్ని అది ఫ్యాను మోత అనుకుని కోసేసే అవకాశం ఉంది. ఫోనే వాడాలంటే ఓటీజీతో క్లాస్ కంప్లయంట్ ఇంటర్‌ఫేస్ తగిలించండి. డైనమిక్ మైకుకు ఫాంటమ్ పవర్ వద్దు కాబట్టి ఫోన్ బ్యాటరీ మీద భారం కూడా తగ్గుతుంది.

కొనాలా?

545 కోసం వేటాడకండి. పాతది కాబట్టి గొప్పది అనే మోజుతో ఎక్కువ పెట్టడం దండగ. కొత్త ఎస్‌ఎం57 గానీ 58 గానీ పది వేల చుట్టుపక్కల వస్తుంది, సౌండ్ అదే కుటుంబానిది. కాకపోతే నకిలీలు మార్కెట్‌లో బోలెడు. అసలు ఎస్‌ఎం58 బరువు 298 గ్రాములు, కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి చూసినా చాలు. మరీ తేలిగ్గా ఉంటే తిరిగిచ్చేయండి. ఇంట్లోనో, ఊళ్లో మైక్ సెట్ వాళ్ల దగ్గరో పాతది ఊరికే దొరికితే మాత్రం వదలొద్దు. పాత 58 జాలీ లోపలి స్పాంజి పొడిగా రాలుతుంటే జాలీ మాత్రం విప్పి కడిగి, బాగా ఆరాక కొత్త స్పాంజి వేయండి. ఇనుప రజను ఉండే చోట, ముఖ్యంగా వెల్డింగ్ షాపు బల్ల మీద, మైకు పెట్టకండి. లోపల అయస్కాంతం ఉంది, రజను లాక్కుంటుంది, తర్వాత డయాఫ్రం గీరుకుంటుంది.

అమ్ముతావా మామా అని నా ఫ్రెండ్ అడిగాడు. "అమ్మ. పని అయినంక తెచ్చియ్యి" అన్నాడు. అక్క రెండో పాట బతుకమ్మది, పత్తి అయిపోయాక సంక్రాంతి తర్వాత పాడతానంది. అప్పటిదాకా 545 దేవరకొండలోనే ఉంటుంది.