అడుగుల లెక్కలో కొల్లేరు

కొల్లేరు గొడవ గురించి పత్రికల్లో చదివేవాళ్ళకు ‘కాంటూరు’ అనే మాట పదేపదే తగులుతుంది. అభయారణ్యం హద్దుగా ఐదో కాంటూరు ఉంచాలని కొందరు, మూడో కాంటూరుకు కుదించాలని కొందరు. కాంటూరంటే మరేమీ కాదు, సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న నేలను కలుపుతూ సర్వేవాళ్ళు గీసే గీత. మూడడుగుల ఎత్తు దాకా నీళ్ళు నిలిస్తే కొల్లేరు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగులకు చేరితే 308. పదడుగులకు 901. మూడుకీ ఐదుకీ మధ్య ఉన్నది రెండడుగులే, మనిషి మోకాలు దాటి కాస్త పైకి. ఆ రెండడుగుల్లోనే సగం పైగా సరస్సు ఉంది.

ఇంత పల్చగా పరుచుకోవడానికి కారణం దాని పుట్టుకలోనే దొరుకుతుంది. అటు గోదావరి, ఇటు కృష్ణ ఒండ్రు తెచ్చిపోసి తమ డెల్టాలను పెంచుకుంటూ వచ్చాయి. రెండిటి మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. పోలికకు రష్యాలోని బైకాల్ సరస్సును చూడండి, దాని అత్యధిక లోతు 1,642 మీటర్లు. ఆ సరస్సును కాపాడటానికి అక్కడి ప్రభుత్వం 1999లో ప్రత్యేక చట్టం చేసింది. కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించిందీ ఆ సంవత్సరమే. అయితే బైకాల్ ఒడ్డు ఉన్నచోటే ఉంటుంది. అక్కడి తగాదా ఒడ్డున ఏం కట్టాలి, ఏం కట్టకూడదు అన్నదాని మీద. కొల్లేరు పళ్ళెం లాంటిది. వేసవిలో ఒడ్డు ఒకచోట, వరదల్లో కిలోమీటర్ల అవతల మరోచోట. నడిచే ఒడ్డును కాగితం మీద గీతతో కట్టేయాలన్న ప్రయత్నంలోనే సగం చిక్కు ఉంది.

వేమూరు, రేపల్లె వైపు రైతులకు మురుగు కాలువ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. పంటకాలువ రాకపోతే ఎండేది ఎంత నిజమో, డ్రెయిను లాగకపోతే మునిగేదీ అంతే నిజం. వాళ్ళుండే కృష్ణ పశ్చిమ డెల్టా మురుగు నేరుగా సముద్రం దారి పడుతుంది. నదికి అవతల కొంత భాగానికి ఆ వీలు లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితో పాటు రెండు డెల్టాల డ్రెయిన్లు కొన్నీ కొల్లేట్లో దిగుతాయి. వచ్చే దారులు డజన్ల కొద్దీ ఉంటే పోయే దారి ఒక్కటే: అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు. వచ్చినంత వేగంగా పోలేవు కనుక నీళ్ళు పరుచుకోవాలి, పరుచుకోవడానికి చోటుండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఊరంతా ఎగువన తెగిన గండ్ల గురించే మాట్లాడుకుంది. ఆ నీళ్ళు చివరికి చేరాల్సిన కొల్లేటి ముచ్చట చాలామందికి తట్టలేదు.

కొల్లేటిని వాడుకోవడం కొత్త సంగతి కాదు. సరస్సులోని లంక గ్రామాల్లో వడ్డీ కులస్థులు తరతరాలుగా వలలతో, మావులనే ఉచ్చులతో చేపలు పట్టారు. కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి ఆ నీటి సొమ్ములు. నీళ్ళు వెనక్కి తగ్గాక తేలిన నేలలో వరి వేసుకున్నారు. వరద ముందొస్తే పంట పోయేది, అది వేరే బాధ. ఆ బాధకు మందుగానే 1970లలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఇప్పుడు ఆక్రమణ అని మనం పిలిచే దానికి మొదటి గట్టు వేసింది సర్కారేనన్న సంగతి గుర్తుంచుకోవాలి.

తర్వాత లాభం రుచి తెలిసింది. సంఘాల పేరు మీద ఉన్న చెరువులు లీజుల మీద డబ్బున్న వాళ్ళ చేతుల్లోకి పోయాయి. తవుడూ చెక్కా మేపి పెంచిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కోల్‌కతాకూ ఈశాన్య రాష్ట్రాలకూ లారీలెక్కాయి. వలేసుకు బతికిన మనిషి తన చెరువు మీదే కూలికి కుదిరాడు. పంటపొలాల మందులూ, ఊళ్ళ మురుగూ, ఫ్యాక్టరీల నీళ్ళూ పైనుంచి దిగుతుంటే, ఖాళీగా మిగిలిన నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుంది.

2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. సుప్రీంకోర్టు కదిలించాక 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఐదో కాంటూరు లోపలి గట్లను పొక్లెయిన్లతో తెంపారు. తెంపిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. 2008లో శాసనసభ మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దని చెప్పింది. అక్కణ్ణుంచి ఎన్నికలప్పుడు కుదిస్తామన్న హామీ తిరిగి బయటికొస్తూనే ఉంది.

నాకు తోచేదేమంటే, ఎన్ని అడుగులు అన్నది ఒక్కటే పట్టుకోవడం వల్ల అసలు ప్రశ్న మరుగున పడింది. అడగాల్సింది ఆ నేలలో ఏం చేస్తున్నారని. వల నీటిని ఆపదు. వేసవి వరి మడి వరద వస్తే మునుగుతుంది, నీటికి అడ్డు నిలబడదు. చేపల చెరువు గట్టు మాత్రం రెండు పనులు చేస్తుంది: లోపలి నీటిని బయటికి పోనివ్వదు, బయటి వరదను లోపలికి రానివ్వదు. అలాంటి గట్లు వందల్లో లేస్తే సరస్సు మ్యాపులో ఉంటుంది, వరద వేళ పనికి రాదు. రామ్‌సార్ ఒప్పందం కూడా చిత్తడి నేలను ముట్టుకోవద్దనలేదు, తెలివిగా వాడుకోమంది.

పక్షుల సంగతి ఇంకో తమాషా. కొల్లేటి పక్కనున్న ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడానికి చెట్లు చాలక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. అవి వాటి మీదా పిల్లల్ని పెంచుతున్నాయి, చుట్టుపక్కల చేపల చెరువుల్లోనూ వేటాడుతున్నాయి. గూడబాతులు కనిపిస్తున్నాయి కనుక సరస్సు బాగుందనుకుంటే పొరపాటే.

గట్టు వద్దనడం తేలిక, దాని ఖర్చు ఎవరు మొయ్యాలన్నది కష్టం. ఐదో కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. పట్టా చేతిలో ఉన్న రైతును పరిహారం లేకుండా దిగిపొమ్మనడం అన్యాయం, అజీజ్ కమిటీ చెప్పిందీ పరిహారమిచ్చి తీసుకోమనే. సంఘాల చెరువులు పోగొట్టుకున్న లంక కుటుంబాలకు వేట హక్కు, వేటకు సరిపడా నీళ్ళూ రెండూ దక్కాలి. ఆ నీళ్ళు ఉప్పుటేటి చేతిలో ఉన్నాయి. వేసవిలో కొల్లేరు తగ్గితే పోటుతో ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. ఉప్పుటేటికి అడ్డంగా రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన పాతదే. ఉప్పును ఆపేందుకు అవి పనికొస్తాయి గాని, కట్టేవాళ్ళు వరద రోజున తలుపులు ఎవరు, ఎప్పుడు ఎత్తుతారో ముందే తేల్చుకోవాలి. ఉప్పుటేరు పూడిక తియ్యకుండా తలుపులొక్కటే పెడితే, లంకల్లో నీళ్ళు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తాయి.